ఎడమ మలుపు

లాండ్రీ షాపు పక్కనే మా ఇన్సూరెన్సు ఆఫీసు.
గోడ అవతల డ్రయ్యర్లు తిరుగుతుంటే
నా బల్ల మీద పెన్నుల డబ్బా సన్నగా వణుకుతుంది.
డెల్మర్ వోజ్నియాక్ వచ్చి కూర్చున్నప్పుడు
వణికేది డబ్బానో అతని చెయ్యో
కాసేపు తెలియలేదు.

టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు,
చర్చిలో కూర్చున్నట్టు.
పాత కంపెనీ వాళ్లు పొమ్మన్నారు.
నేను వెతికి పట్టిన రేటు
పాతదానికి మూడింతలు, పైన నలభై డాలర్లు.
నోటితో చెప్పలేక కాగితం అతని వైపు తిప్పాను.
"ట్రక్కు కూడా ఇంత చెయ్యదు" అని
నవ్వబోయి మానేశాడు.

మూడేళ్లు, అన్నాను.
ఒక్క వాయిదా తప్పినా
స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మేమే కబురు పెడతాం,
ఆ తర్వాత మీ పర్మిట్ ఉత్త కాగితం.
నా గొంతు నాకే జప్తు నోటీసులా వినిపించింది.

ఆ పర్మిట్ అప్పుడే మడతల దగ్గర చిరుగుతోంది.
సోమవారం నుంచి శనివారం,
పొద్దున అయిదున్నర నుంచి సాయంత్రం ఆరు.
ఇంటి నుంచి ధాన్యం గోదాముకి, గోదాము నుంచి ఇంటికి.
మంగళవారం రాత్రి మాత్రం లూథరన్ చర్చి నేలమాళిగకి.
అక్కడ మడత కుర్చీల్లో, తాగుడు మానినవాళ్లు
చల్లారిన కాఫీతో ఒకరి మాట ఒకరు వింటారు.
అంతే. ఒక మనిషి భూగోళం
పదకొండు మైళ్లు.

ట్రక్కులో నల్ల పెట్టె.
అందులోకి ఊదితేనే ఇంజను లేస్తుంది.
నడిదారిలో మళ్లీ కూస్తుంది, మళ్లీ ఊదాలి.
గడ్డకట్టిన తెల్లవారుజామున
తడి కట్టెల పొయ్యి రాజేసినట్టు ఊదుతాడట.
దానికి అనుమానం వస్తుందేమోనని
మౌత్‌వాష్ కూడా మానేశాడట.

లేవబోయి ఆగాడు.
"ఇందులో ఇంకో చోటు రాయించుకోవచ్చా?
గోదాము దారిలోనే. ఎడమకి తిరిగితే అర మైలు."
ఎవరిల్లని అడగలేదు. ఊరందరికీ తెలుసు.
అయోనీ పెటిగ్రూ.
అక్టోబరు రాత్రి చెత్తడబ్బా లోపలికి లాక్కోడానికి
చెప్పుల్లో బయటికొచ్చింది.
తుంటిలో ఇప్పుడు ఆరు మరలు.
"మంచు పడితే ఆవిడ వాకిలి ఎవరు తవ్వుతారు?"

ఫారం తిరగేసి చూశాను.
ఉద్యోగం, చదువు, ఆసుపత్రి, చికిత్స, పిల్లల బడి.
ఒక్కోదానికి ఒక్కో గడి.
చేసిన తప్పు గుమ్మం దాకా వెళ్లడానికి
గడి లేదు.
అది విచారణాధికారిని అడగాలి, అన్నాను.
ఆయన మాత్రం ఎక్కడ రాస్తాడు?
డెల్మర్ తలూపి టోపీ పెట్టుకున్నాడు.

ఒక సంగతి అతనికి చెప్పలేదు.
పదహారేళ్ల కిందట, మా అక్క పెళ్లి విందు నుంచి
ఇరవై మైళ్లు నడుపుకుంటూ ఇల్లు చేరాను.
ఏ దారిన వచ్చానో మర్నాడు గుర్తులేదు.
ఆ రాత్రి నా దారిలో
ఎవరూ చెత్తడబ్బా లాగలేదు.
నాది ఇప్పటికీ మంచి డ్రైవరు రేటే.

జనవరి రెండో ఆదివారం.
మోకాటి లోతు మంచు, మొక్కజొన్న మోళ్లు కూడా కనబడవు.
రోడ్డు వారన ఒక మనిషి, భుజాన పార.
కారు ఆపి అద్దం దించాను.
ఎక్కండి, వేరేవాళ్ల కారెక్కడానికి పర్మిట్ అక్కర్లేదు.
"తెలుసు" అన్నాడు. మాటతో పాటు ఆవిరి.
"ఇంకెంత, ఆ మలుపేగా."

తలుపు తీస్తుందా ఆవిడ?
"తియ్యదు. ఒకసారి కర్టెన్ కదిలింది."
కనుబొమ్మల మీది మంచు తుడుచుకున్నాడు.
"పోయినసారి మెట్ల మీద ఉప్పు బస్తా పెట్టి ఉంది.
నాకోసమో, తపాలా మనిషి కోసమో."

ముందుకు కదిలి అద్దంలో చూశాను.
అటు బండి లేదు, ఇటు బండి లేదు.
అయినా మలుపు దగ్గర ఆగి
ఒకసారి వెనక్కి చూసి
ఎడమ చెయ్యి చాచి సైగ చేసి
తిరిగాడు.