వస్తువు నెంబరు ఒకటి

గునుపురం కోర్టులో ఇరవై ఆరేళ్లు
నోరు అద్దెకిచ్చాను.
జడ్జీల ఒడియా, వకీళ్ల ఇంగ్లీషు
నా తెలుగు బుర్రలో ఓసారి మునిగి
సవర మాటై అవతల తేలేవి.
కొన్ని తేలలేదు.

మంగడ రైకా కొట్టిన మద్దిచెట్టు
తిరగబడి తమ్ముడి మీద పడింది.
ముందురోజే ఇద్దరూ జీడితోట వాటా కోసం
కొండ దద్దరిల్లేలా అరుచుకున్నారు.
పోలీసులకి అది చాలు.

"చంపే ఉద్దేశం ఉందా, అడుగు" అన్నారు.
ఉద్దేశానికి మాట దొరక్క
"చెట్టు ఒరిగినప్పుడు నీ మనసెక్కడుంది?" అన్నాను.
"అంబలి కుండ దగ్గర."
టైపు మిషను ఆగి నా వంక చూసింది.
"లేదండి" అన్నాను.
రికార్డులో ఆ ముక్కే ఉంది.
అంబలి లేదు.

బల్లమీద గొడ్డలి, మెడకి చీటీ.
"తమ్ముణ్ణి తిన్నది ఇదీ, ఆ చెట్టూ కదా,
వీటికి శిక్ష లేదా?" అనడిగాడు.
వకీళ్లు నవ్వారు.
నేనూ నవ్వాను, జీతం తీసుకున్నవాణ్ణి.

ఆ సాయంత్రం బార్ రూం అలమరలో
చెదలు వదిలేసిన పుస్తకం ఒకటి తిరగేశాను.
ఆ ఇంగ్లండులోనే ఒకప్పుడు
మనిషిని తొక్కిన బండిచక్రానికీ పొడిచిన ఎద్దుకీ
వెలకట్టి, దేవుడి పేరు చెప్పి
రాజు జప్తు చేసుకునేవాడట.
వందల ఏళ్లు. ఎవరూ నవ్వలేదు.
రైళ్లొచ్చి జనాన్ని తొక్కడం మొదలెట్టాక
ఇంజను ఖరీదు గుర్తొచ్చి
ఆ చట్టం ఎత్తేశారు.
అవతల నౌపడ బండి కూతేసింది.
ఏ నేరమూ లేనట్టు.

పదకొండు నెలలకి తీర్పు:
సంశయలాభం కింద విడుదల.
సంశయం లాభమెలాగో
ఏ భాషలో చెప్పను?
"వాళ్లకి తేలలేదట. నువ్వు పోవచ్చు" అన్నాను.
మంగడ కదల్లేదు.
"నాకు తెలుసు కదా. నన్నడగమను."

ఆ మాట నేను
ఎవరికీ అందించలేదు.

గొడ్డలి తీసుకోమంటే వేలిముద్ర వెయ్యనన్నాడు.
బోనులో ఉన్నన్నాళ్లూ రాని ఏడుపు
కోర్టు మెట్ల మీద వచ్చింది,
బంట్రోతు మంచినీళ్లిచ్చాడు.

మొన్న పింఛను కాగితాలకి వెళ్తే
మాల్‌ఖానా గుమాస్తా కుర్రాడు తలుపు తీసి చూపించాడు.
చీటీ మీద అంకె వెలిసిపోయింది,
పిడి సగం ఎలకలు తిన్నాయి.
"మాస్టారూ, దీన్ని వేలం వేసేద్దామా?"

అడగాలి, అన్నాను.
ఎవర్నో చెప్పలేదు.