రామ్‌నగర్ మంచు

నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు.
కిటికీ అవతల నలభై రెండు డిగ్రీలు.
నా తెర మీద నలభై రెండు అంగుళాలు:
దారిబండికి రెండు స్కీల నడుమ దూరం.

మంచంటే నాకు ఫ్రిజ్ గోడకు పేరుకున్నది,
చెంచాతో గీకి పారబోసేది.
అయినా ఆరేళ్ళుగా మంచుబండ్లకు ఎముకలు గీస్తున్నాను.

దారిబండి బుద్ధిమంతురాలు.
కాళ్ళు బార్లా చాపి నిలబడుతుంది.
పొట్టి ట్రాకు, చిన్న పళ్ళు,
ముందే ఎవరో దువ్వి పెట్టిన తోవ.
మలుపులో ఒళ్ళు ఒక పక్కకు ఒరగబోతే
అడ్డంగా బిగించిన ఉక్కు కడ్డీ
ఆ ఒరుగును రెండు భుజాలకూ పంచేస్తుంది.
మెహదీపట్నం నుంచి ఫ్లైఓవర్ ఎక్కిన కారులా
చాయ్ తొణకనివ్వదు.

కొండబండికి ముప్పై ఆరే.
వెనక మాత్రం నూట అరవై ఐదు అంగుళాల ట్రాకు,
వేలెడు పొడుగు పళ్ళు.
ఆ ఉక్కు కడ్డీని నా చేత్తోనే తీసేశాను.
చదును మీద దానిది తాగినోడి నడక.

తిరగాలంటే ముందు పడిపోవడానికి ఒప్పుకోవాలి.
రెండు కాళ్ళూ ఒకే మెట్టు మీదికి తెచ్చి
హ్యాండిల్‌ను కొండవైపు కాక లోయవైపు తిప్పి
బండి మొత్తాన్నీ ఒక అంచు మీద నిలబెట్టి
వాలుకు అడ్డంగా
గీత గీసినట్టు
పోవాలి.
దారిబండిని ఒరగకుండా చూడ్డానికి జీతం తీసుకున్నాను.
దీన్ని ఒరిగేలా చేయడానికీ అదే జీతం.

పోయిన నెల చలిదేశం నుంచి టెస్టు రైడరు
ఒక్క వాక్యం పంపాడు:
మాట వింటోంది, కాని ఆలస్యంగా.
బరువు సరిగానే ఉంది. స్ప్రింగులు సరిగానే ఉన్నాయి.
ఆలస్యానికి నా లెక్కల్లో గడి లేదు.

ఆదివారం తెల్లారకముందే
ప్రింటర్లో అచ్చేసిన రెండు చిన్న బండ్లను సంచిలో వేసుకుని
రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు పోయాను,
మా అండాలత్త దగ్గరికి.
ఈ ఊళ్ళో మోచేతి లోతు మంచు
ఇంకెవరి దగ్గర దొరుకుతుంది?

థర్మాకోల్ పెట్టెలో, బొచ్చెలకూ రవ్వలకూ మధ్య
కాస్త చోటిచ్చింది.
గట్టిపడ్డ పలక మీద దారిబండి జర్రున జారింది,
పొడిలోకి దిగగానే ముక్కు పైకెత్తి కూలబడింది.
కొండబండి తేలింది.
వేలితో వంచాను.
వంగలేదు. ఆగి, ఆలోచించుకుని, అప్పుడు వంగింది.

అత్త కత్తిపీట మీంచి లేవకుండానే చూసింది.
చేతినిండా పొలుసు.
"నడుము ఎడల్పు చేసినవ్ గద.
వంగకముందే అంచు పోయి ఐసుకు తాకవట్టె.
కొర్రమీనును జూడు, బురదల ఎట్ల మెసుల్తదో.
చందువ మెసుల్తదా గట్ల?"
అని, ఎవరో బేరానికి వస్తే
నన్ను మోకాలితో పక్కకు జరిపింది.

సోమవారం కాలు పెట్టే మెట్ల కింది అంచును
ఏటవాలుగా కోశాను.
రెండు వైపులా పద్దెనిమిది మిల్లీమీటర్లు.
మీటింగులో వకుళ మేడమ్ అడిగింది,
"ఈ అంకె ఎక్కడ్నుంచి వచ్చింది?"
భౌతిక పరీక్ష, అన్నాను.
గదిలో ఏసీ కింద నా సంచి ఒక్కటే
నిజం వాసన వేస్తోంది.

మూడు వారాలకు రైడరు మళ్ళీ రాశాడు.
ఈసారి వాక్యం కూడా కాదు, బొటనవేలి బొమ్మ.

దాని కిందే కొత్త పని:
దువ్విన తోవలో కదలకుండా,
కొండవాలులో కాదనకుండా
రెండూ చేసే బండి ఒకటి కావాలట.
ముప్పై తొమ్మిది అంగుళాలు, సుమారుగా.
బుద్ధిమంతురాలే, కాని అడిగితే పడిపోవాలి.
గంటసేపు ఖాళీ తెర ముందు కూచుని
అత్తకు ఫోన్ చేశాను.

"ఐతారం రా," అంది.
"ఈసారి ఐసు పైసలు నువ్వియ్యాలె."