ఎర్ర రంగు డబ్బా

పామూరు రోడ్డులో టైర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డు.
బోర్డు లేదు.
బోర్డుకి పెట్టే డబ్బుతో ఇంకో గొలుసు వస్తుందంటాడు కాశింసా.
పెట్టె మూత మీద మాత్రం బొగ్గుతో రాస్తాం:
కనిగిరి బోరింగు మేస్త్రీల సంఘం, చెన్నై రేవు మీదుగా.

ఈ యేడు చందా
పదకొండు వేల నాలుగొందల ముప్పై.
ఆ ముప్పై బస్టాండులో జామకాయలమ్మే రూతమ్మది.
"ఆఫ్రికా యాడుందో నాకేం ఎరిక,
బోరింగు ఆగితే ఎట్టుంటదో ఎరికే" అంది.
రసీదు అడగలేదు.

ఎజ్రా తోలు వాషర్లు కోస్తాడు.
రాత్రంతా ఆముదంలో నాననిచ్చి
పొద్దున్నే వేళ్ళ మధ్య నొక్కి చూస్తాడు
పసిబిడ్డ చెవి తమ్మెని పట్టుకున్నట్టు.
రబ్బరు చాలదా అంటే,
"రబ్బరు అరిగితే అంగడికి పోవాల.
తోలు అరిగితే వాళ్ళకీ గొడ్లున్నయ్‌గా."

కాశింసా మెడ తిప్పలేడు.
ముప్పై యేళ్ళు ఊరూరా బోరింగులు బాగుచేసి
ప్రతి ఊళ్ళో మొదటి చెంబు తనే తాగి చూసినవాడు.
ఎవరైనా పిలిస్తే
మనిషి మొత్తం తిరుగుతాడు, తలుపులాగా.

టాంజానియాలో నీళ్ళని మాజీ అంటారట.
ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాం.
మాకు మాజీ ఎమ్మెల్యేలున్నారు, మాజీ సర్పంచులున్నారు,
మాజీ చెరువులైతే లెక్కలేదు.
నవ్వుతూ నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.
పదో యేటి నుంచీ అలవాటు.

రెండు పెట్టెలు చేరాయి.
మూడోది సర్దుతుంటే ఫోటో వచ్చింది,
సిగ్నలు సరిగా లేక
పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా.
ముందు ఆకాశం.
తర్వాత మా బోరింగు, మా గొలుసు,
పిడి మీద ఒక తల్లి రెండు చేతులు.
అప్పుడు, బిందె చుట్టూ ఏడుగురు పిల్లలు
నోరంతా తెరిచి నవ్వుతూ.

కాశింసా వంగలేడు కదా,
ఫోనుని కళ్ళ ఎత్తుకి లేపి పట్టుకున్నాడు.
చాలాసేపటికి
"అక్కా, ఇయ్యి మన పళ్ళే" అన్నాడు.

అంచుల్లో గార, నడుమ సున్నపు మచ్చ,
ఏ వేపపుల్లకీ పోని గోధుమ చార.
నా నోట్లో ఉన్నదే.
మేం పంపిన గొలుసే దాన్ని పైకి లాగుతోంది.
ఎజ్రా వాషరు
ఒక్క చుక్క జారనివ్వకుండా అందిస్తోంది.

ఆ రాత్రి జమాఖర్చుల పుస్తకంలో
ఇది ఏ పక్క రాయాలో తెలియలేదు.

మూడో పెట్టె మేకులు ఊడదీశాం.
గొలుసులు దించి, నీళ్ళ పరీక్ష సీసాలు పెట్టాం.
గులాబీ రంగు నిలిస్తే తాగొచ్చు,
పసుపుకి తిరిగితే వద్దు.
పసుపు శుభం కానిది ఈ సీసాలోనే.
కప్పు మీది వాన పట్టే రేకు దోనెకి
కాశింసా కొలతలు గీశాడు.
అడుగున ఎర్ర రంగు డబ్బా, కుంచె.

నేను చెబుతుంటే డిగ్రీ చదివే నస్రీన్ ఇంగ్లీషులో పెట్టింది.
బట్టలుతకండి, ఇల్లు అలకండి,
పిల్లల నోటికి మాత్రం పోనీకండి.
పసుపొచ్చిన ప్రతి బోరింగు పిడికీ ఈ ఎరుపు వెయ్యండి.
మాకు పాతికేళ్ళు ఎవరూ చెప్పలేదు.
క్షమించమని రాయమన్నాను, రెండోసారి, మూడోసారి.
"ఒకసారి చాల్లేమ్మా,
మిగతా చోట కొలతలు రాయి" అన్నాడు కాశింసా.

సీసాని నమ్మనివాళ్ళ కోసం నా ఫోటో కూడా.
"నవ్వక్కా" అంది నస్రీన్.
నవ్వు రాలేదు.
కొంగు తీసి నోరు తెరిచాను, అంతే,
డాక్టరు ముందు తెరిచినట్టు.

బస్టాండులో రూతమ్మ అడిగింది:
"మన బోరింగు ఆడతందా?"
"ఆడతంది. తాగొద్దని రాశాం."
కాసేపు ఒక జామకాయనే తుడుస్తా కూచుంది.
మళ్ళీ నెల కూడా ముప్పై ఇచ్చింది.
ఈసారి రసీదు అడిగింది.