జమానతు

కల్వకుర్తి కోర్టు వరండాల
దరఖాస్తు మీది స్టాంపును గోటితో గీకి చూసి
గుమాస్తా బొంతలాంటి రిజిస్టరు ముందరేసిండు.
"చూస్కో అమ్మా, దాపరికమేం లేదు."

దాపరికం లేదు గానీ దుమ్ముంది.
గొట్టం ఊదిన తారీఖు, వచ్చిన అంకె,
కట్టిన జుర్మానా.
అన్నీ ఎరిగిన పేర్లే.
పాలవ్యాను సాయిలు, తొంభై ఆరు.
మా పిల్లల లెక్కల సారు, నూటా పది.
మా మేనమామ! ఇన్నేండ్లు ముట్టడనే అనుకున్న.
వేలు గబుక్కున కింది గీతకు జరిపిన.

నేనొచ్చింది ఆశన్న పేరు కోసం.
వెల్దండ మలుపు కాడ
నా పెనిమిటి సైకిలు మీదికి ఆటో ఎక్కించినోడు.
"ఎన్నడూ తాగలే వదినా, అదే మొదటిసారి" అని
దినాల నాడు మా గడపల ఏడ్చినోడు.

దొరికిండు.
ఒక్కసారి కాదు, మూడుసార్లు. అన్నీ అంతకు ముందటియే.
మూడోదాని పక్కన
బండి విడిపించ జమానతు ఉన్నోని సంతకం:
కుర్మయ్య.

చివరి 'య్య'కు తలకట్టు మరిచే ఆ చెయ్యిని
నేనెరుగనా?
ఆ తారీఖు కూడా యాదికుంది.
పొద్దుగూకినంక వచ్చి
బస్సు దొరకలే అన్నడు, అన్నం తిననీకె కూసుంటూ.

"జిరాక్సు కావాల్నా? పేజీకి రెండు రూపాయలు."

కొంగు ముడి విప్పిన.
చిల్లర లెక్క
మాటిమాటికి తప్పుతున్నది.