ముందుజాగ్రత్త

రిపోర్టులో మొదటి వాక్యం ఇలా ఉండాలి:
ముందుజాగ్రత్తగా పొలంలో దిగుతుండగా.
అంతవరకు టైపు చేసి ఆగాను.
టీ మీద మీగడ కట్టింది.

సౌత్‌ల్యాండ్‌లో ఆగస్టు నెల. వాన పైనుంచి కాదు, పక్కనుంచి పడుతుంది.
లాక్లన్ పర్వెస్, యాభై ఎనిమిదేళ్లు.
పక్క సీట్లో బావ తామటి.
వెనక రెండు బస్తాల ఆల్చిప్పలు, ఈ సీజనుకి ఆఖరివి.
గేటు దగ్గర చెల్లెలు "జాగ్రత్త" అంది. ఇద్దరిలో ఎవరితో అందో
ఇప్పుడు ఆమెకే గుర్తు లేదు.

మబ్బు కొండల భుజాల మీంచి మోకాళ్లకి జారింది.
వెనక్కి తిరిగాడు. వచ్చిన లోయ తలుపేసుకుంది.
ఇంజను బాగానే ఉంది. పెట్రోలు గంటకు పైగా ఉంది.
అన్నీ ఉన్నప్పుడే దిగాలి, అన్నీ అయిపోయాక కాదు.
నేనే అలా చెబుతుంటాను, శనివారాలు, ఫ్లయింగ్ క్లబ్బులో.

మూడు చుట్లు తిరిగాడు.
ఒకటి గాలి కోసం, పైన్ చెట్ల వరస ఎటు వంగుతోందని.
ఒకటి కరెంటు తీగల కోసం.
ఒకటి బాగా కిందికి, నేల కోసం.
గొర్రెలన్నీ చలికి కంచె మూలకి చేరాయి;
పొలం ఖాళీగా, పచ్చగా, పరిచినట్టుగా.

దూరపు కొండలు నునుపు.
పొలాలు కూడా.
మూడువందల అడుగుల ఎత్తు చాలు ఆ నునుపుకి.

కాలవ మోకాలి లోతైనా లేదు.
నైరీ కర్క్‌నెస్ కాపురానికి రాకముందు
ఆమె మామగారు తవ్వించింది.
రెల్లు కమ్మేశాక ఆమే మరిచిపోయింది,
చేతులు మాత్రం అక్కడికొచ్చేసరికి ట్రాక్టరుని పక్కకి తిప్పుతాయి.
నాకు చూపిస్తూ, తప్పు తనదైనట్టు,
బూటుతో గడ్డిని నొక్కిపట్టింది.

నేను టేపు పట్టాను.
కాలవకి ఇటు నలభై మీటర్లు, శుభ్రమైన చక్రాల గుర్తులు.
ఎంత మెత్తగా దించాడో.
అటు, ఏడు మీటర్లు.
ఆ ఏడింటిలోనే తామటి పోయాడు.

ఆల్చిప్పలు బతికే ఉన్నాయి.
ఏం చేయాలో తోచక నైరీ వాటిని
ఉప్పునీళ్ల బక్కెట్లలో వేసింది.
గట్టిగా మూసుకున్న నోళ్లు.
సరుకు అన్న గడిలో రాసుకున్నాను.

పావుగంట తర్వాత ఆ లోయలోనే ఎండ కాసిందని
వాతావరణం వాళ్ల కాగితం.
దాన్ని అనుబంధంలో పెట్టాను.
ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

లాక్లన్ మెడకి పట్టీ. కళ్లు మాత్రమే తిరుగుతాయి.
నేను సరిగ్గానే చేశానా, అన్నాడు.
చేశారు, అన్నాను. నిజమే చెప్పాను.

కళ్లు పైకప్పు మీదికి తిప్పుకుని
చాలాసేపటికి అన్నాడు:
కాదని ఉంటే బావుండేది.