ఫంక్షన్ హాల్ ఎనక మోరీ

ఫారం దెచ్చినవా బిడ్డా?
చమ్కీ బంద్ జెయ్యాల్నా, వద్దా?
రెండు డబ్బలే ఉన్నయి ఇందుల.
కూసో. ఆ ఎర్ర కుర్చీ మీద గాదు,
దాన్నింక తుడువలే.

రాత్రి సంగీతంట.
పిల్ల, పిలగాడు మెట్లు దిగుతుంటె
రెండు దిక్కులకెల్లి గన్నులు పేలినయి.
ఒక్క నిమిషం. సప్పట్లు. ఫోన్లు లేసినయి.
ఆ నిమిషాన్ని
పొద్దుగాల నాలుగింటి సంది ఊడుస్తున్న.

పువ్వులు ఊడిస్తె ఊడుతయి.
తలంబ్రాలు ఊడిస్తె పావురాలకన్న అయితయి.
ఇది గట్ల గాదు.
చీపురు కొడితె లేసి నిలవడ్తది,
నేను ఎనకకు మర్రేవరకు మళ్ల కూసుంటది.
తడిబట్ట వెడితె బట్టకు, బట్ట పిండితె చేతికి,
చెయ్యి గడిగితె నల్లకు.
మట్టిల కలువదు ఇది, ప్లాస్టిక్కు అంటున్నవ్.
నా చీపురుకు నీకన్న ముందే ఎరుక.
మూడేండ్ల కింద ఈడ లగ్గమైనోళ్లు
ఇడిపోయిండ్రంట, సూపర్‌వైజర్ భిక్షపతి జెప్పిండు.
ఆళ్ల వెండి చమ్కీ
ఇంకా రెండో స్తంభం సందులనే ఉన్నది.

బకెట్ నీళ్లు యాడ వోస్తనో సూస్తవా? రా.
గీ మోరీ.
మోరీకెల్లి నాలా, నాలాకెల్లి మూసీ.
మొన్న వానకు మోరీ పొంగినప్పుడు
నల్లటి నీళ్ల మీద బంగారు రంగు
తేలుకుంట వోయింది.
ఎంత మంచిగున్నదంటె
చీపురు వట్టుకొని జరసేపు గట్లనే నిలవడ్డ.
అబద్ధమెందుకు.

అగో, ఎంగిలాకులు నాకే ఆ కుక్కను జూడు,
దాని ముక్కు మెరుస్తది.
పిల్లల మూతులు మెరుస్తయి.
కడుపుల ఏం మెరుస్తుందో
ఎవరు జూసిండ్రు.

సరే, బంద్ జెయ్యమని ఏలు వెడదామంటె
నుస్రత్ యాదికొస్తది.
కిషన్‌బాగ్‌ల మా పక్కిల్లు.
లక్క కాగి మెత్తవడంగనే
గాజు మీద చమ్కీ అద్దుతది,
లాడ్ బజార్ సేటు డజనుకింత అని లెక్కగడ్తడు.
దాని రెప్పల మీద ఎప్పుడూ పండగే.
దగ్గితె మాత్రం, ఆ దగ్గుకు ఏ రంగూ లేదు.
"పిలగాని ఫీజు ఈ గాజులే అక్కా" అంటది.
అది ఇచ్చినయే నా చేతికున్నయి, సూడు.
నాలుగిట్ల రెండు వలిగినయి.
మిగిలిన రెండిట్ల ఒక్క చమ్కీ రాల్లే.

అతుక్కొని ఉండనీకె పుట్టింది ఒకటి.
ఊదెయ్యనీకె పుట్టింది ఒకటి.
రెంటికి ఒక్కటే పేరు వెట్టి
ఒక్కటే డబ్బల టిక్కు వెట్టుమంటె ఎట్ల?
గన్నుల వోసేదాన్ని బంద్ జెయ్యిరి. రేపే జెయ్యిరి.
జేస్తె నుస్రత్‌ను అడిగి జెయ్యిరి, గంతే.

ఇంకోటి రాస్కో.
డబ్బ లేకుంటె పక్కకు రాయి.
పోయిన నెల కోఠీ బస్సుల
ఎదురుంగ గూసున్న ముసలాయన
"నీ నొసట చుక్క మెరుస్తుందమ్మా" అన్నడు.
మా ఆయన వోయినంక
పద్నాలుగేండ్ల సంది నేను బొట్టు వెట్టలే.
తుడుసుకుందామని చెయ్యి లేపిన.
అఫ్జల్‌గంజ్ దాంక
లేపిన చెయ్యి గట్లనే ఉన్నది.

సంతకం రాదు నాకు. ఇంకు డబ్బ తే.
ఏ డబ్బల వడ్డదో నువ్వే జూస్కో,
నడుమ వడ్డట్టున్నది.
అరె, తుడువకు! తుడిస్తె వోదు.
నీ ఫారానికి, ఫైలుకు, దుపట్టకు
అంటుకొని ఇంటిదాంక వస్తది.
మీ అమ్మ అడుగుతది, ఎవరి లగ్గానికి వోయినవే అని.
నాకు గూడ తెల్వదని జెప్పు.