మిగిలిపోయిన స్క్రూ

ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తాను.
వేగన్ ఆర్, పన్నెండేళ్లది,
నా చేతికొచ్చి రెండేళ్లు.
ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే
నెల్లిమర్ల రోడ్ల ఎర్రదుమ్మంతా
గుమ్మంలో కుప్పపడింది.
ప్లగ్గులు మూడూ తీసి
పాత బ్రష్షుతో పళ్లు తోమినట్టు తోమాను.
అన్నీ బిగించాక
మిల్లునాటి కొబ్బరిచిప్పలో
జిడ్డోడుతూ ఒక స్క్రూ మిగిలింది.

ఎక్కడిదో తెలీలేదు.
అప్పలనరసమ్మ చూడకుండా జేబులో వేసుకున్నాను.

తాళం తిప్పితే బండి పలికింది.
మీటర్ల మధ్య మాత్రం
పసుపచ్చని చిన్న ఇంజన్ బొమ్మ
వెలిగి, ఆరకుండా ఉండిపోయింది.

ముప్పయ్యొక్కేళ్లు జూట్ మిల్లులో ఫిట్టర్ని నేను.
మగ్గాలన్నీ ఒక్కసారి అరుస్తున్నా
ఏ బేరింగు ఏడుస్తోందో
గోడకానుకుని టీ తాగుతూ చెప్పేవాణ్ని.
స్క్రూడ్రైవర్ మొన యంత్రానికానించి
పిడి చెవిలో పెట్టుకుంటే
ఇనుము కడుపులోదంతా కక్కేది.

ఇది అలాంటిది కాదు.
ఏదో అయిందంటుంది, ఏమైందో చెప్పదు.
పెళ్లిభోజనాల్లో మూతి ముడుచుకున్న పెదబావ
‘ఏటైంది బావా’ అంటే ‘ఏటీ అవలేదు’ అంటాడే,
విస్తరి ముందునుంచి లేవడు, తినడు,
అదీ దీని వరస.

ఆయిల్ గీత చూశాను, సరిగ్గానే ఉంది.
పెట్రోలు మూత టకటకమనేదాకా తిప్పాను.
బ్యాటరీ తీగ ఊడదీసి
పావుగంట అరుగు మీద కూర్చుని మళ్లీ పెట్టాను.
ఆరింది!
నరసమ్మని ఎక్కించుకుని
అవసరం లేని చోటల్లా హారన్ కొట్టుకుంటూ బయల్దేరాను.
చంపావతి వంతెన సగం దాటామో లేదో
మళ్లీ వచ్చి కూర్చుంది.

‘ఓలమ్మ, అదేటి ఎలుగుతంది?’
‘ఏటీ లేదు, ఊరికే.’
నా మొహం ఒకసారి చూసి
పర్సులోంచి బొట్టుబిళ్ల తీసి దాని మీద అంటించింది.
‘ఇప్పుడు నిజంగానే ఏటీ లేదు.’

రెండు రోజులు అలాగే తిరిగాను.
మెరూన్ బిళ్ల అంచుల్లోంచి
సన్నగా పసుపు కారుతూనే ఉంది,
రాత్రిళ్లు మరీను.

బుధవారం విజయనగరం,
కోట జంక్షన్ దాటాక తవిటినాయుడి షెడ్డు.
నాయుడు లేడు, వాళ్లమ్మాయి ఢిల్లీశ్వరి ఉంది,
ఐటీఐ చదివిన పిల్ల, మోచేతులదాకా గ్రీజు.
బిళ్ల చూసి నవ్వలేదు.
గోటితో ఒలిచి అద్దానికంటించి
స్టీరింగు కింద నేనెన్నడూ చూడని కన్నంలో
సబ్బుపెట్టెంత మిషను గుచ్చింది.
‘పీ సున్నా ఒకటి ఒకటి మూడు.
ఇంజన్ పీల్చే గాలి వేడో చల్లో
కనిపెట్టే సెన్సరండి. దాన్నుంచి మాట రాట్లేదు.
ఫిల్టర్ గాని కదిపారా మాస్టారూ?’
‘లేదు’ అన్నాను.
నోరంతే, ముందు అదే అంటుంది.

ఫిల్టర్ పెట్టె పక్కన
చిక్కుడుగింజంత సాకెట్టు, రెండు తీగలతో
గాలిలో వేలాడుతోంది.
నేనే పీకాను. నేనే మరిచాను.
ఏదీ విరగలేదు, ఏదీ కాలలేదు,
రెండంగుళాల ఎడం.

బొటనవేలితో నొక్కింది.
‘టిక్‌మంది, వినబడిందా?’
తలూపాను.
ఎడమ చెవి మిల్లులోనే వదిలేశాను,
కుడిది కూడా సగమే.
ఆ చప్పుడు ఆమె వేలి మీద చూశానంతే.

యాభై ఇచ్చాను.
‘ఈసారి విప్పే ముందు ఫోటో తీసుకోండి’ అంది.
బండెక్కబోయి, వెనక్కొచ్చి,
జేబులో స్క్రూ ఆమె అరచేతిలో పెట్టాను.
జిడ్డు తుడిచి, వెలుతురులోకి పట్టి చూసింది.
‘ఇది ఈ బండిది కాదండి.
ఏదో పాత మరది.’

ఇల్లు చేరేదాకా
తొడకి గుచ్చుకుంటూనే ఉంది.